ముందు చార్జి, తర్వాత నీళ్లు

హెల్గోలాండ్‌లో కార్లు తిరగవు.
రేవులో దిగిన పెట్టెలూ, బీరు పీపాలూ,
కాలు విరిగినవాళ్లూ, పిండి బస్తాలూ
అన్నీ మా బళ్ల మీదే మిట్ట ఎక్కాలి.
పదకొండు బళ్లు.
బండికి ఆరు బ్యాటరీలు, బ్యాటరీకి మూడు నోళ్లు.
లెక్క మీరు వేసుకోండి,
నేను రోజూ వేస్తాను.

మొదటి సాయంత్రం ఎర్క్ నాతో అన్నది ఒకే మాట:
"ఉంగరం తీయి, వీబ్కా."
నాకు లేదని చెయ్యి చూపించాను.
తన కుడిచేతి వేలు చూపించాడు,
చుట్టూ తెల్లగా కాలిన గాడి.
రెంచీకీ టెర్మినల్‌కీ నడుమ బంగారం ఇరుక్కుంటే
అబ్బా అనేంత వ్యవధి కూడా ఉండదట.
అప్పటినుంచీ షెడ్డులోకి రాగానే
గోడ మేకుకి తగిలిస్తాడు,
ఇంటికెళ్లేటప్పుడు తొడుక్కుంటాడు.
పక్క మేకుకి తాళాలు.

రెండో వారం ఒక తప్పు చేశాను.
డస్సిపోయి వచ్చిన బళ్ల మీద జాలిపడి
ముందే నీళ్లు పోశాను, గొంతుల దాకా.
రాత్రంతా చార్జి ఎక్కుతూ లోపల ఉబ్బి, పొంగి
తెల్లారేసరికి మూతల చుట్టూ పుల్లని తడి.
ఎర్క్ తిట్టలేదు.
వంటసోడా డబ్బా, అరిగిన పళ్ల బ్రష్షూ చేతికిచ్చాడు.
చల్లినచోటల్లా నురగ బుసబుసమంది.
"ముందు అన్నం, తర్వాతే నీళ్లు.
పలకలు తేలి కనిపిస్తే మాత్రం
నాలుక తడిపేంత పొయ్యి."
ప్యాంటుకి ఏమీ కాలేదనుకున్నాను.
ఆదివారం ఉతికి ఆరేస్తే
రెండు మోకాళ్లలోంచీ ఆకాశం కనిపించింది.

చలికాలం ఓడలు తగ్గుతాయి.
బళ్లు కదలకపోయినా ఎర్క్ మాత్రం వస్తాడు.
"ఖాళీ కడుపుతో పడుకోబెడితే
లోపల తెల్లగా పేరుకుని రాయి కడుతుంది,
ఆ తర్వాత ఎంత పెట్టినా ఒంటబట్టదు."
కిటికీ ఎప్పుడూ తెరిచే ఉంటుంది,
ఉడుకుతున్న బ్యాటరీల ఊపిరి బయటికి పోవాలని.
సిగరెట్టు తాగాలంటే వానలోకి వెళ్లాలి.
వెళ్లేవాడు.

డిసెంబరులో గేషే పోయింది.
ఎర్క్ భార్య.
శవపేటికని నాలుగో బండి మీద పెట్టారు, నడిపింది నేను.
రెండో మలుపులో బండి నీరసించింది.
ఎందుకో నాకు తెలుసు:
ఐదో బ్యాటరీ, నడిమి నోరు.
పది రోజుల కిందట గాజుగొట్టంలోకి పీల్చి చూస్తే
తేలాల్సిన బుడ్డి అడుక్కి జారింది.
నోటుబుక్కులో రాశాను.
చూద్దాంలే అన్నాడు ఎర్క్, అప్పుడు ఆసుపత్రి తొందరలో ఉన్నాడు.
ఒక్కటి నీరుగారితే
మిగతావన్నీ దాన్నే మోయాలి.

పాస్టరు ఆగిపోయాడు.
రొట్టెల దుకాణం హాయో కోటు విప్పి, తోద్దాం పట్టండన్నాడు.
"వద్దు," అన్నాడు ఎర్క్.
"పావుగంట వదిలేయండి. కాస్త కూడదీసుకుంటుంది."
నిలబడ్డాం, ముప్పైమందిమి, గాలికి ఎదురుగా.
ఎవరూ గడియారం చూడలేదు.
అతను మాత్రం పేటిక అంచు మీద చెయ్యి వేసి
ఆ సమయం ఎవరో అడక్కుండానే ఇచ్చినట్టు నిలబడ్డాడు.
తర్వాత నా వైపు తలూపాడు.
తొక్కాను.
మెల్లగా, కానీ ఎక్కింది.

మర్నాడు సాయంత్రం వచ్చాడు.
ఏమీ మాట్లాడకుండా రెంచీ తీసుకుని
ఐదో బ్యాటరీ మీదకి వంగాడు.
ఈసారి నేను అనాల్సి వచ్చింది:
"ఉంగరం."
లాగాడు, రాలేదు. రాత్రంతా పడుకోలేదేమో, వేళ్లు వాచాయి.
టెర్మినళ్లకి తుప్పు పట్టకుండా పూసే వాజలిన్ డబ్బా తెచ్చి
కాలిన గాడి చుట్టూ నేనే రాశాను.
జారి నా అరచేతిలో పడింది,
వెచ్చగా, జిడ్డుగా.
మేకు అందేంత దూరంలోనే ఉంది,
ఎందుకో ఇద్దరం కాసేపు దాన్ని చూస్తూ ఉండిపోయాం.

ఆ రాత్రి నూట తొంభై ఐదు నోళ్లకి నీళ్లు పోశాం.
కొత్త బ్యాటరీ తెచ్చే ఓడ
గురువారం గానీ రాదు.