ఆశీలు చీటీ

చిత్తూరులో మార్చి నెల
ఎండకన్నా ముందు బడ్జెట్టు నెత్తినెక్కుతుంది.
ఇంజనీరింగ్ సెక్షన్లో నా బల్ల కిటికీ పక్కన.
కిటికీలోంచి రోడ్డు కనపడుతుంది,
ఫైల్లోంచి కనపడదు.

వర్క్ ఇన్‌స్పెక్టర్ చెంగల్రాయులు సుద్దముక్క పట్టుకొని
సంతపేట నుంచి మురకంబట్టు దాకా నడిచొచ్చినాడు.
నూటా నలభై మూడు గుంతలు.
"ఎన్నింటికుందన్నా డబ్బు?"
పదహారింటికి.
ఇంకేమీ అడక్కుండా సుద్దముక్క జేబులో వేసుకున్నాడు,
వెలిగించని కర్పూరం బిళ్ళని దాచుకున్నట్టు.

మీటింగులో అందరూ మాట్లాడినారు.
ఇంటిపన్ను పెంచుదామన్నాయన్ని
ఇళ్ళున్నోళ్ళంతా తిరిగి చూసినారు,
ఆ మాట అక్కడే కూచునింది.
కరెంటు స్తంభాలకి నగల కొట్ల బోర్డులు కట్టి
బాడుగ తీద్దామన్నారు ఇంకొకరు.
సగం స్తంభాలకి దీపాల్లేవు,
చీకట్లో నెక్లెసు ఎవరు చూస్తారు?
జూన్‌లో తోతాపురి లారీలు గుజ్జు ఫ్యాక్టరీలకి పోతా పోతా
మన రోడ్డునే గుజ్జు చేస్తాయి గదా,
లారీకి వంద వేద్దామన్నాను నేను, వెనక కుర్చీలోంచి.
"ఫ్యాక్టరీలు తమిళనాడుకి పోతాయయ్యా" అన్నారు,
వాటికీ చక్రాలున్నట్టు.
టీలు తాగి, అప్పు తెద్దామని తీర్మానం రాసి
తాకట్టు ఏమిటన్న చోట
ఖాళీ వదిలినాం.

మర్నాడు పాత లెడ్జర్లు దించినాను.
కేబుల్ కంపెనీ రోడ్డు కోసినందుకు
మీటరుకింతని కట్టిన డిపాజిట్టు,
పూడ్చడానికి మాత్రమే అని ఎర్రసిరా.
పేజీ తిప్పితే
దసరా నెలలో అది
పారిశుధ్యం వాళ్ళ బకాయి జీతాల్లోకి పోయింది.
కింద సంతకం నాదే.
కోపం ఎవరి మీద తెచ్చుకోను?
గుంతలో పడాల్సిన కంకర
కుప్పమ్మ పిల్లల కంచంలో అన్నమైంది.
తప్పని అనలేను.
రోడ్డు మాత్రం కుట్లు వేయని కోత,
ఇంకా తెరుచుకొనే ఉండాది.

సాయంత్రం దర్గా సర్కిల్ దాటినాక
మొగిలమ్మ బజ్జీల బండి.
ఒక చక్రం గుంతలో, దాని కింద రెండు ఇటుకలు,
మూకుట్లో నూనె ఒరక్కుండా
పదకొండేళ్ళుగా ఆమె చేస్తున్న ఇంజనీరింగు.
నన్ను చూసి బిస్కెట్ డబ్బా మూత తీసింది.
రోజుకి ఇరవై రూపాయల ఆశీలు చీటీలు,
పసుపు, గులాబీ, నీలం,
నూనె మరకలతో ఒకదానికొకటి అతుక్కొని.
"సామీ, ఆఫీసోడివి గదా నువ్వు.
ఇదంతా ఈ గుంతకి నేను కట్టిన బాడుగ.
దీని ఓనరెవరో చెప్పు,
ఒకసారి రిపేరు చేయించమని అడగతాను."

నవ్వినాను.
ఇల్లు చేరేలోపల నవ్వు చల్లారింది.
ఆ వీధిలో నలభై ఒక్క బండ్లు.
నెలకి ఇరవైనాలుగు వేల ఆరొందలు.
గుంతకి రెండు వేలన్నా పన్నెండు గుంతలు.
రోడ్డు దాని మందుకి అదే సంపాదిస్తాంది;
మేమే కూలి గుంజుకొని
జబ్బు మనిషిని మళ్ళీ పనికి తోలతా ఉండాం.

ఏ వీధి ఆశీలు ఆ వీధికే అని నోటు పెట్టినాను.
నాలుగు బల్లలెక్కి, మూడు నెలలు తిరిగి
ఒక మూల పెన్సిల్‌తో దిగొచ్చింది:
సగం. ప్రయోగాత్మకంగా.

సగం అంటే ఆరు.
రాత్రి పదకొండుకి దస్తగిరి రోలరు దగ్గుకుంటా వచ్చింది.
చెంగల్రాయులు సుద్దముక్క బయటికి తీసినాడు.
తారు వాసనకి కుక్కలు దూరంగా కూచొని
ఊళ్ళో ఏదో జరగతాందని చూసినాయి.
ఆరో గుంత దగ్గర కంకర అయిపోయింది.

ఏడోది మొగిలమ్మది.

చెప్పడానికి నేనే పోయినాను.
తిట్టలేదు. బజ్జీ తిప్పతా
ఆ రోజు చీటీ నా ముందుకి తోసింది.
"వచ్చే నెల నాదని వెనక రాసియ్యి. సంతకం పెట్టు."
పెన్ను తీసినాను.
అవతల మామిడి లారీ ఒకటి, దాని వెనక ఇంకొకటి,
కొత్త అతుకుల మీదే పోతా ఉండాయి.
నూనె మరక మీద సిరా నిలవలేదు.
ఆమె డబ్బాలో వెతికి
ఇంకో చీటీ తీసింది.