గేట్‌వాల్వు

బంగారుపాళెం పక్కన మామిడితోపుల్లో
డ్రిప్పు పైపులు పరిచేవాణ్ణి నేను.
నీళ్ల గురించి నాకు తెలిసింది ఒకటే.
మోటారు పక్కనుండే చెట్టు తాగినంత
కడాకు చెట్టు తాగదు.

తిరుపతిలో ఆసుపత్రి మూడో అంతస్తు.
మా అక్క కొడుకు చెంగల్రాయుడు
మంచం మీద కాళ్లు చాపుకొని ఉండాడు.
పదేండ్లు వాడికి.
పిక్కలు చూస్తే పహిల్వాను పిక్కలే.
లేవమంటే మాత్రం
చేతులు మోకాళ్ల మీద, ఆనక తొడల మీద ఆనించి
తన ఒంటిని తానే నిచ్చెన చేసుకొని
ఎక్కాల.

సులోచన డాక్టరు మందుచీటీ వెనక బొమ్మ గీసింది.
కండకు కావాల్సిన ఒక మాట
వీడు పుట్టకముందే తప్పు పడిందంట.
సరైన మాటను నీళ్లలో కలిపి
నరంలోంచి పంపుతారంట.
"ఊరికే ఎక్కిస్తే పోదా?" అంటి.
"పోతుంది. కండ దాకా చేరేది కొంచెమే.
మిగిలింది దార్లోనే లివరు లాగేస్తుంది" అనింది.
నవ్వొచ్చింది నాకు, అంత బాధలోనూ.
మోటారు పక్క చెట్టు!

"ఆ మాటేంది మేడమ్?" అన్నాడు చెంగడు.
"చానా పొడుగుదిరా. ఇక్కడ బస్సెక్కి
ఒక్కో అక్షరం చదువుకుంటా పోతే
చిత్తూరు దాటినా అయిపోదు."
"సంతకం చేసేటప్పుడు కష్టం" అన్నాడు వాడు.

తొడకు పట్టీ చుట్టి గాలి కొట్టినారు.
గేట్‌వాల్వు బిగించినట్టే.
పైకి పోయే దారి మూసి
చీలమండ కాడ నరంలోంచి
చెంబుడు మందునీళ్లు గబగబా తోసినారు.
కాలు ఉబ్బింది.
తోలు పాలిపోయి నిగనిగలాడింది.
వాడి గోళ్లు నా మణికట్టులో దిగినాయి.

ఆ ఒత్తిడి నాకు తెలుసు.
పాచి పట్టిన డ్రిప్పర్లకు
కడామూత బిగించి మోటారేస్తే
పైపు పామై ఒళ్లు విరుస్తాది,
మూసుకున్న ప్రతి బెజ్జమూ చుక్క కక్కుతాది.
ఒక్కోసారి పైపే చీలతాది.
ఈ మాట అక్కతో అనలేదు.

నర్సు రెజీనా నిమిషాలు చదువుతా ఉండాది.
ఏడు.
ఎనిమిది.
అక్క పెదాలు కదలతా ఉండాయి, మొక్కో లెక్కో.
పదికి పట్టీ వదిలినారు.
బొటనవేలి నుంచి ఎరుపు
మెల్లంగా పైకి పాకింది,
కరెంటు పోయొచ్చిన వీధిలో
ఒక్కో ఇల్లూ వెలిగినట్టు.

ఇది ఎడమకాలికే.
కుడికాలు దుప్పటి కింద
తన వంతు అడక్కుండా పడుకోనుండాది.
మూడు నెలలకు బియ్యపుగింజంత కండ తీసి చూస్తారంట,
మాట దిగిందో లేదో.
దిగకపోవచ్చు కూడా అని
డాక్టరు నా మొహం చూసే చెప్పింది.
అందుకే ఆమె మీద నమ్మకం.

రాత్రి ఆఖరు బస్సుకు తోపుకొచ్చినా.
టార్చి పట్టుకొని కడాసాలుకు పోయి
తోతాపురి మొదట్లో వేలు గుచ్చినా.
చల్లగా తగిలింది.
తడో,
వాడు పట్టుకున్నప్పటి నుంచి ఆరని
నా చేతి చెమటో.
ఇంకొంచెం లోతుకు గుచ్చినా.