ఒగ్దో పక్కన చోటు

కదలకు అమ్మమ్మా, ఇరవై నిమిషాలు.
ముఖం మీద ఈ ప్లాస్టిక్ బుట్ట ఉన్నంతసేపూ
మాట్లాడకు, నవ్వకు, దోమ కుట్టినా ఊరుకో.
నువ్వు పీల్చిన గాలెంత, వదిలిన గాలెంత
పెట్టె లెక్క రాసుకుంటుంది.

యాకుత్స్క్ నుంచి చిన్న విమానంలో వచ్చిందిది.
ఊరి ఆసుపత్రిలో దీన్ని తిప్పడం తెలిసింది
నాకొక్కదానికే. భుజాన ఇంటికి మోసుకొచ్చాను.
రాత్రి నుంచి నీకు తిండి పెట్టలేదు,
మంచం దిగనివ్వలేదు.
ఊరికే బతికి ఉండటానికి ఒంటికెంత ఖర్చో తెలియాలంటే
మిగతా ఖర్చులన్నీ ఆపాలి గదా.

మధ్యాహ్నానికి ముప్పై ఏడు డిగ్రీలట.
జూన్. పొద్దు గుంకడం మానేసి పదిహేను రోజులు.
ఎక్కడో అడవి కాలుతోంది, సూర్యుడు ఉల్లిపొర రంగులో ఉన్నాడు.
యానా ఒడ్డున గుర్రాలు పొట్టల దాకా నీళ్ళలో నిలబడ్డాయి.
హబిరీస్ వాటికోసం పేడ రాజేసి పొగ పెడుతున్నాడు,
చొక్కా విప్పి, ఎవరినో తిట్టుకుంటూ:
దోమకి పొగ లేకపోతే కుదరదు,
ఎండకి పొగ ఉంటే కుదరదు.

అంకె వచ్చింది.
నీ బరువుకీ నీ వయసుకీ పుస్తకంలో రాసినదానికంటే
ఆరో వంతు ఎక్కువ.
మళ్ళీ కొలిచాను.
అంతే.

నీ తప్పేం కాదు.
మైనస్ యాభైలో గుక్కెడు నీళ్ళకి నదిని గొడ్డలితో నరికినవాళ్ళు,
కనురెప్పలు అంటుకుపోతే ఊదుకుని విప్పుకున్నవాళ్ళు
తగ్గించడం నేర్పకుండానే ఈ పొయ్యి నీకప్పగించి పోయారు.
గొంతు కింద సీతాకోకచిలుకంత గ్రంథి
నువ్వు నిద్రపోయినా చితుకులు ఎగదోస్తూనే ఉంటుంది.

చలికాలం మేం ఐదుగురం నీ పక్కన చోటుకి కొట్టుకునేవాళ్ళం.
మిచిల్ నా జుట్టు పీకేవాడు,
ఓసారి నేను వాడి చెవి కొరికాను, మచ్చ ఇంకా ఉంది.
కుందేలు తోలు దుప్పటి కింద నీ వీపు
అప్పుడే పొయ్యి దించిన రొట్టె.
నీ అరికాళ్ళకి నా అరికాళ్ళు ఆనిస్తే చాలు
లోపలి గోడ మీద పేరుకున్న మంచు
ఇంకెవరింటిదో.

ఇప్పుడందరం పక్కలు అవతలికి లాక్కున్నాం.
"ముసలమ్మ పక్కన పడుకుంటే కుంపటి పక్కన పడుకున్నట్టే"
అంది మిచిల్ పెళ్ళాం.
నువ్వు విన్నావు. అటు తిరిగి పడుకున్నావు.

నాలుగు రోజులుగా మాంసం ముట్టవు.
నేను పరీక్షలు రాసి తెలుసుకున్నది
నీకు రాయకుండానే తెలుసు:
తిన్నది అరగడమూ ఒక మంటే.
కొవ్వు ముక్క నా పళ్ళెంలోకి తోసేసి
పుల్లటి పాలు రెండు గుక్కలు తాగి
మంచునేలలో తవ్విన కొట్టు తలుపెత్తి దిగుతావు.
గడ్డకట్టిన చేపలు, గుర్రపు తొడలు,
చలికాలంలో నదిని కోసి తెచ్చిన దిమ్మల ఎదుట
మూడో మెట్టు మీద చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటావు
పెళ్ళిలో చోటు దొరకని చుట్టంలా.
కిందటేడు రెండో మెట్టు సరిపోయేది.

గోడ చెమ్మగిల్లుతోంది.
నీకు చెమట పట్టడం కూడా సరిగా రాదు,
ఆ గోడకి వచ్చినంతైనా.
ముఖం కందిపోయింది, నాడి నూట పన్నెండు.
మెడ వెనక తడిగుడ్డ వేసి
"మంట తగ్గించే మందేదైనా ఇవ్వనా?" అన్నాను,
నీలాంటి ఒంటికి అలాంటిది లేదని తెలిసే.
"తగ్గిస్తే జనవరిలో ఎవర్ని అడుక్కోను?" అన్నావు.

కాగితం మీద రాశాను.
పేరు: ఒగ్దో. వయసు: డెబ్బై మూడు.
ఎత్తు, బరువు, ఆ అంకె.
ఇతర వివరాలు అనే గడి మిగిలిపోయింది.
'మూడో మెట్టు' అని రాశాను.

తర్వాత నేనూ దిగాను.
మెట్టు ఇరుకు. ఒదిగి నీ పక్కనే కూర్చున్నాను,
చాలా ఏళ్ళ తర్వాత, భుజానికి భుజం తగిలేలా.

"జరగవే" అన్నావు,
"నువ్వూ కాలుతున్నావు."