కింది వైపు రంగు

గడియారాలు పక్కకి జరిపి
బల్ల మీద యుద్ధానికి చోటు చేశాను.
జానా బెత్తెడు చాలు,
నలభై ఎనిమిదో వంతు యుద్ధం కదా.

దిరె దావాలో, తైవాన్ బజారులో దొరికింది పెట్టె,
ఓ మూల నలిగి, మూత మీద వేరే దేశం జెండాతో.
లోపల ప్లాస్టిక్ చట్రాలకి
పచ్చి కాయల్లా వేలాడుతూ ఎఫ్-ఫైవ్ ముక్కలు:
రెక్కలు, చక్రాలు, గోరంత సీటు,
సీట్లో కూర్చోవాల్సిన ముఖం లేని మనిషి.

మా నాన్న బెలాచ్యూ పైలట్ కాదు.
రెక్క కింద వెల్లకిలా పడుకుని
బోల్టులు బిగించినవాడు.
దిగిన ఇంజను వేడికి
నిన్నటి ఇంజెరా వెచ్చబెట్టుకునేవాళ్లమని
చెప్పి చెప్పి నవ్వేవాడు.
ఒకసారి చక్రం తలుపు పోతే
తెల్లారేలోపు కొత్తది బిగించారట.
"రంగు ఆరేదాకా ఆగే యుద్ధమా అది?"
ఆ ఒక్కటీ గర్వంగా చెప్పేవాడు.
మిగతాది అడిగితే,
"వానల్లో జరిగింది," అంతే.

మా పంచాంగంలో అరవై తొమ్మిది,
లోకానికి డెబ్బై ఏడు.
ఏ ఏడాదో కూడా రాజీ కుదరని యుద్ధాన్ని
బడి పుస్తకం ఒక పేరాలో దాటేసింది.
పరీక్షకి రాదని
నా కొడుకు ఆ పేరాని దాటేశాడు.

నాన్న పోయి మూడేళ్లు.
రోజూ షాపు తలుపు సగం దించాక
కంటికి అద్దం బిగించి కూర్చుంటాను.
ఆకురాయితో అతుకులు నున్న చేయడం,
ఊపిరి బిగపట్టి జిగురు చుక్క పెట్టడం.
మా గుర్తులు పెట్టెలో లేవు.
మూడు వెంట్రుకల కుంచెతో
పచ్చ, పసుపు, ఎరుపు నేనే చుట్టాను.
మిగిలిన ఫొటో ఒక్కటే: నిచ్చెన మీద ఆయన,
వెనక విమానం ముక్కు.
నలుపు తెలుపుల్లో మూడు రంగులూ మూడు బూడిదలే.

దాన్ని తిరగేసి పొట్టకి రంగేస్తున్నప్పుడు
టీ పట్టుకొచ్చింది దహబో.
"ఈ రంగు కాదు," అంది
గ్లాసు కింద పెట్టకుండానే.

కాగితంలో ఇదే ఉంది, చూడు, అన్నాను.
"కాగితం రాసినవాడు
దాని కింద నిలబడ్డాడా?"

జిజిగా దారిలో అట.
తొమ్మిదేళ్లు తనకి, చంకలో చెల్లెలు.
"పైన ఏం రంగులో నాకేం తెలుసు.
కింద మాత్రం,
పాలగిన్నెని మసిచేత్తో పట్టుకున్నట్టు ఉంటుంది.
చక్రాల తలుపుల్లో ఒకటి
మిగతావాటికంటే తెల్లగా."

కుంచె గాల్లోనే ఆగిపోయింది.
అలాంటి తలుపులు ఎన్ని విమానాలకి ఉంటాయో,
ఆ వానల్లో ఎన్ని మార్చారో,
లెక్క ఎవరి దగ్గరా లేదు.
అది మా నాన్న బిగించిందేనని ఎవరు చెప్పగలరు?
కాదని మాత్రం ఎవరు చెప్పగలరు?

చెల్లెలి సంగతి నేను అడగలేదు.
ఆమె చెప్పలేదు.
గ్లాసుల లెక్క మాత్రం చెప్పి వెళ్లింది:
నిన్నటివి రెండు, ఇవాళ్టిది ఒకటి.

మర్నాడు కెటిల్ అడుగున గీకిన మసి
కాగితంలో పొట్లం కట్టి తెచ్చింది.
చూపుడువేలితో నేను పులుముతుంటే
"ఇంకా. ఇంకా వెనక్కి.
అక్కడ ఆపు," అంది,
కళ్లు మూసుకుని.
ఒక్క తలుపుని తెల్లగా వదిలేశాను.

ముఖం లేని మనిషిని సీట్లో పెట్టలేదు.
పాత ముళ్లు, స్క్రూలు ఉన్న డబ్బాలో ఉన్నాడు.

అద్దాల బీరువాలో పెడితే
పొట్ట ఎవరికీ కనబడదు.
అందుకని చేపల గాలం దారంతో
కప్పుకి వేలాడదీశాను.
గడియారం బాగుకి ఇచ్చినవాళ్లు
ఏం తోచక తలెత్తి చూస్తారు.
"ఇది ఏ సినిమాలోది?" అని అడిగాడొకడు.

దహబో ఇప్పుడు దాని కింద నుంచి రాదు.
టీ పట్టుకుని గోడ వారగా
చుట్టూ తిరిగి వస్తుంది.
తీసేయనా, అన్నాను.

"ఉండనీ.
పైన దుమ్ము పడితే దులుపు.
కింద తుడవకు."