ఒక స్క్రూడ్రైవర్ తక్కువ

పదిన్నరకి కమిటీ వస్తుందని
కంప్యూటర్ గది కిటికీలు తెరిచాను.
సముద్రం గాలి లోపలికొచ్చి
ఎప్పట్లాగే ముందు మేకుల్ని నాకి చూసింది.

ఈ ఊళ్లో ఇనుముకి ఆయుష్షు తక్కువ.
ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాను
ఏ టెండరులోనూ ఉప్పుగాలి అన్న మాట లేదు.

స్టాకు రిజిస్టరంతా నా చేతిరాతే.
ఓవర్‌హెడ్ ప్రొజెక్టర్, ఒకటి.
బల్బు మాడిపోతే ఇండెంటు పెట్టాను.
బల్బు వచ్చేసరికి
ప్రొజెక్టర్ల కాలమే వెళ్లిపోయింది.
బీరువాలో దూది పక్క మీద
ఒక్కసారీ వెలగకుండా పడుకునుంది ఇప్పటికీ.

తర్వాత కంప్యూటర్లు, పదకొండు.
రిబ్బను కట్ చేసిన కత్తెర కూడా రిజిస్టరులో ఎక్కింది.
గుమ్మం బయట చెప్పులు, గుమ్మం మీద బోర్డు:
చేతులు పెట్టరాదు.
ఆ అక్షరాలు దిద్దింది నేనే. తాళం నా మొలలో.

వారానికి పది నిమిషాలు, మిషనుకి నలుగురు,
ఎవరి పేరు వాళ్లు కొట్టుకుని లేచిపోయేవారు.
ఈరోజు ముసుగులు తీసి చూస్తే
ప్రతి కీబోర్డు మీదా ఏ, పీ అరిగిపోయి ఉన్నాయి.
అప్పలరాజు, అప్పలకొండ, అప్పయ్యమ్మ, అప్పలనర్స.
క్యూ మాత్రం నిన్న కొన్నట్టు మెరుస్తోంది
దానితో మా పేటలో ఎవరికీ పేరు పెట్టలేదు.

హుద్‌హుద్ రాత్రి రేకు లేచిపోయింది.
ఆ తర్వాత కరోనాలో బడి ఫోన్లోకి వెళ్లింది.
సిగ్నలు కోసం పిల్లలు వాటర్ ట్యాంకు మెట్లెక్కారు.
తర్వాత ట్యాబులు, తర్వాత గోడంత తెర.
ఇప్పుడీ గదికి కొత్త పేరొస్తోంది.
అందులో మేధ అనే మాట ఉందట.

కమిటీలో కుర్రవాడొకడు,
మధురవాడ కొండ మీద కాలేజీలో పాఠం చెబుతాడు.
లేతు మిషన్లు వరండాలోకి నెట్టి
ఆ హాల్లో సర్వర్లు పెట్టామన్నాడు.
"నాలుగో ఏడు సిలబస్ అచ్చయ్యేలోగా
మొదటి ఏడుది పాతబడిపోతోందండీ"
అని నవ్వబోయి, ఆగి,
మాడిన మానిటర్ మీద దుమ్ము వేలితో గీశాడు.
ముగ్గురూ సంతకాలు పెట్టారు. పనికిరానివి.
కిలోల లెక్కన.

మూడింటికి పూర్ణా మార్కెట్ ఆటో వస్తుంది.
అన్నం గంట కొట్టాక
తొమ్మిదో తరగతి నూకరత్నం గుమ్మంలో నిలబడింది.
నన్ను మాస్టారని పిలిచేది ఆ పిల్ల ఒక్కతే.
"మాస్టారూ, దీన్లోపల ఏటుంటాదండి?"

నాకు తెలీదు.
ఇరవై రెండేళ్లు కాపలా కాసినవాణ్ని,
నాకు తెలీదు.

సొరుగులోంచి స్క్రూడ్రైవర్ తీసిచ్చాను.
నాలుగు మరలు, మూడు తుప్పు.
తలకి రాసుకున్న కొబ్బరినూనే వేలితో తీసి పూసింది.
మూత కిర్రుమని ఊడింది.
లోపల గుప్పెడు ఇసక, తుఫాను నాటిది.
ఒక బల్లిగుడ్డు పెంకు.
ఆకుపచ్చటి పలక మీద ఎవరో ఊరు కట్టినట్టు
సందులు, గోడౌన్లు, రైలు పట్టాలు.

"మా నాయిన బోట్లో చేపల్ని చూపించే డబ్బాలో
ఇలాటిదే ఉంటాదండి.
ఉప్పు కొడితే కిరసనాయిలుతో తుడుస్తాడు."
అని ఓణీ కొంగుతో తుడవడం మొదలెట్టింది.

ఒకరి వెనక ఒకరు పదిహేనుమంది పోగయ్యారు.
చెప్పులతోనే. చేతులు కడుక్కోకుండానే.
రెండోది విప్పారు, మూడోది విప్పారు.
ఫ్యాను ఊది తిప్పుతున్నాడొకడు.
ఇంత గోల ఈ గది ఎన్నడూ వినలేదు.
నేను వినిపించనివ్వలేదు.

ఆటోవాడు తూకం వేసి
"ఏటి బాబూ, అన్నీ విప్పేసి ఉన్నాయి" అని
కిలోకి రెండు రూపాయలు తగ్గించాడు.
ఆ తేడా నా జేబులోంచి కట్టాను.

సాయంత్రం గది కడిగి, రిజిస్టరు తెరిచి
పదకొండు వరసలూ ఎర్రసిరాతో కొట్టేశాను.
ఆఖర్న నీలంతో ఒక వరస రాశాను:
స్క్రూడ్రైవర్, ఒకటి. కనబడుటలేదు.

ఎవరి సంచీలో ఉందో నాకు తెలుసు.