పావలా లెక్క

అల్యూమినియం పెట్టెలో మూడొందల బిళ్లలు.
దొరబాబు కాకినాడలో కొన్నాడు.
మూత తీస్తే కొత్త చెప్పుల వాసన.
తెల్లవి వంద, ఎర్రవి వంద,
పచ్చవి యాభై, నల్లవి యాభై.
వేటి మీదా అంకె లేదు.
"విలువలు నువ్వు కట్టు కండక్టరూ,
చిల్లర సంగతి నీకు తెలిసినట్టు
ఇంకెవడికి తెలుసు" అన్నాడు.

ముప్పైయొక్కేళ్లు రాజోలు డిపో.
బొటనవేలి కొసన
నాణెం అంచు గరుకు ఇంకా పోలేదు.

శనివారం రాత్రి ఎనిమిది మందిమి.
డబ్బు పెట్టం.
ముందు ఓడినవాళ్లు తెల్లారి తాటిపాక సెంటర్లో
అందరికీ పెసరట్లు పెట్టించాలి.
బయట ఆషాఢం వాన, వశిష్ఠ ఎర్రబడింది.
పాత ఎస్సార్ కాయితం వెనక గళ్లు గీశాను.

తెల్లది ఇరవైఐదు. అంటే పావలా.
ఎర్రది వంద, రూపాయనుకోండి.
పచ్చది ఐదొందలు, నల్లది వెయ్యి.

యాభై ఎందుకు లేదంది
బ్యాంకు క్యాషియరు నాగమల్లేశ్వరి.
రష్షులో చెయ్యి సంచిలో దూరినప్పుడు
వేళ్లు నాలుగు రకాలే గుర్తుపడతాయమ్మా,
ఐదోది ఉందంటే తడబాటే.

మనిషికి పన్నెండు పావలాలు, పన్నెండు రూపాయలు,
ఐదు పచ్చ, ఆరు నల్ల.
సరిగ్గా పదివేలు.
రెండుసార్లు కూడాను.
చెకింగ్ ఇనస్పెక్టరు ఎక్కినట్టు
మూడోసారీ కూడాను.

పావలాలు అన్నెందుకంటే,
మొదటి గంట పందెం ఇరవైఐదూ యాభై.
చిల్లర లేనివాడు నల్లబిళ్ల విసిరి కూర్చుంటాడు,
వాడితోపాటు బల్లంతా కూర్చుంటుంది.
వంద నోటిచ్చి గన్నవరం టికెట్టడిగేవాడు
ఒక్కడు చాలడూ బస్సు ఆగిపోడానికి!

"ఎర్రవి నాలుగే మిగిలాయి పెట్టెలో,
తెల్లవి మార్చాలంటే చాలవండీ" అందావిడ మళ్లీ.
పచ్చవి పదున్నాయిగా.
ఐదు రూపాయల బిళ్ల ఇద్దరి చేతికీ కలిపిచ్చి
దిగి పంచుకోండనేవాణ్ని.
ముక్కూమొహం తెలీని ఇద్దరు
టీకొట్టు దగ్గర చిల్లర కోసం
ఒకటే బిస్కెట్ పొట్లం కొనుక్కునేవారు.

తెల్లవి తొంభైయ్యారు కావాలి.
లెక్కపెడితే తొంభైనాలుగు.
దొరబాబు మనవడు ఆరు బిళ్లల్ని
పంటకాలవ మీద కప్పగంతులు వేయించాడట.

అటక మీంచి తోలుసంచి దింపాను.
జిప్పు తుప్పు పట్టి కదల్లేదు, కత్తితో లాగాను.
అడుగు అరలో రెండు పావలాలు.
ఇప్పుడు చెల్లవు.

ఒకటి ఎవరిదో గుర్తులేదు.
రెండోది మొండెపులంకలో దిగినావిడది.
టికెట్టు వెనక "పావలా బాకీ" అని రాసిచ్చాను.
తట్ట దింపుకునే హడావిడిలో
టికెట్టు గాలికి పోయింది.
ఆవిడ చూసింది. నేనూ చూశాను.
రైట్ రైట్ అన్నది నేనే.
సంచిలో పావలా ఎక్కువున్నా మెమో ఇచ్చే రోజులు,
జేబులో వేసుకున్నాను.
ఆ తర్వాత ఆ స్టాపు వచ్చినప్పుడల్లా
మొహాలు కాదు, తట్టలే చూశాను.

పదింటికి తెల్లవి తీసేస్తాం.
పందేలు పెరిగాక పావలాతో పనుండదు,
నాలుగిస్తే ఒక ఎర్రది.
మరి ఒకటో రెండో మిగిలితే?
తమ్మిరాజు కొట్టెయ్యమన్నాడు.
ముక్క వేసి, పెద్దది వచ్చినవాడికివ్వడం
రూలన్నాడు ఏసురత్నం.

కాయితం అడుగున రాశాను:
ఒక్క పావలా మిగిలినా ఎర్రబిళ్ల ఇవ్వవలెను.

"మొత్తం ఎనభైవేలు దాటిపోద్దండీ" అంది నాగమల్లేశ్వరి.
దాటనీమ్మా.
"బస్సులో ఇంత ధర్మం ఎప్పుడూ చూళ్లేదే"
అని నవ్వాడు దొరబాబు.

కరెంటు పోయింది.
ఫోను వెలుతుర్లో ఎనిమిది దొంతర్లు కట్టాను.
పావలాలు రెండూ
నా వైపు పెట్టుకోలేదు.