పెనం మీద ఏరియల్

సెడూనా దాటాక రేడియోలో
తాలింపు చిటపట తప్ప మరో మాట లేదు.
వాతావరణం చెప్పే ఆమె
"దక్షిణం నుంచి గాలి..." అంటూనే
ఇసుకలో దిగబడిపోతుంది.

ఫ్రిజ్ ఆపాను. ఎల్ఈడీ దీపాలు ఆర్పాను.
రొద తగ్గింది గానీ మాట రాలేదు.
వైరు మార్చాను. మార్చిన వైరునే మళ్లీ తిట్టాను.

పక్క వ్యాన్ డెస్మండ్ చెప్పులీడ్చుకుంటూ వచ్చి
మా పైకప్పు మీద వేలి కణుపుతో కొట్టాడు.
"ఫైబర్ గ్లాసు.
దీని కాళ్ల కింద ఇనుము లేదు.
నిలబడే చోటు లేనిది ఏం వింటుంది?"
అని, తన టీ చల్లారుతోందని వెళ్లిపోయాడు.

వకుళ లోపలికెళ్లి
ఏడేళ్లుగా నన్ను సబ్బు తగలనివ్వని
దోశ పెనం తెచ్చి
ఏమీ అనకుండా నా చేతిలో పెట్టింది.

నిచ్చెనెక్కి, పెనానికి నాలుగు వైపులా టేపు వేసి
ఏరియల్ దించాను.
అడుగునున్న అయస్కాంతం
టక్కున కరుచుకుంది.

కింద, చీకటి వ్యాన్‌లో,
ఆమె వాక్యం పూర్తయింది:
"...తెల్లారేసరికి తిరుగుతుంది."

తెల్లారింది. గాలి తిరిగింది.
గిన్నె మూత ఎత్తుకుని పిండి పొంగింది.
వార్తలయ్యేదాకా ఆగమన్నాను.
అట్లకాడ పట్టుకుని వకుళ
నిచ్చెన మొదట్లో నిలబడింది.